జర్నలిజం విద్యార్థులకు ప్రాక్టికల్ కోర్సు: బయటి న్యూస్‌రూమ్‌తో కలిసి సెమిస్టర్ నడపడం ఎలా

"మా పిల్లలు థియరీ పేపర్లు బాగానే రాస్తారండీ. ఇంటర్వ్యూకెళ్లాక ఒక వార్త రాయమంటే మాత్రం పెన్ను కదలదు. మీడియా సంస్థలతో కలిసి ప్రాక్టికల్ కోర్సు పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" జర్నలిజం చెప్పే అధ్యాపకులు ఈ మాట పదేపదే అడుగుతున్నారు. అందుకే మొత్తం పద్ధతిని వరుసగా రాస్తున్నాను.

20 నుంచి 30 మంది విద్యార్థులు, ఒక సెమిస్టర్, పెద్ద స్టూడియో ఏదీ లేని మామూలు కాలేజీ. ఈ మార్గదర్శి వాళ్ల కోసం. ఎంఏ జర్నలిజానికైనా, బీఏలో ఒక సబ్జెక్టుగా ఉన్నా సరిపోతుంది.

గెస్ట్ లెక్చర్, స్టూడియో విజిట్, శాలువా, ఎంవోయూ మీద సంతకాల ఫొటో. ఇవన్నీ న్యాక్ (కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే సంస్థ) ఫైల్‌కు పనికొస్తాయి, విద్యార్థికి రాయడం నేర్పవు. బయటి ఎడిటర్ చదివి, తిప్పి పంపి, మళ్లీ రాయించి, చివరికి వాడుకున్న పని ఎంత ఉందన్నదే నా లెక్క. కింది అడుగులన్నీ ఆ పని జరగడానికే.

1. సిలబస్ కన్నా ముందు ఉద్యోగాల జాబితా

మీ దగ్గర చదివి ఈ రంగంలో చేరి ఏడాది, రెండేళ్లయిన వాళ్లకు ఫోన్ చేయండి. బ్యూరో చీఫ్ అయిన పాత విద్యార్థి కన్నా నిన్నగాక మొన్న డెస్క్‌లో కూర్చున్న పిల్లాడే ఇక్కడ ఎక్కువ పనికొస్తాడు. మూడు ప్రశ్నలు చాలు:

- మొదటి నెలలో నీకు ఇచ్చిన పనేంటి?
- ఏది రాక తిట్లు తిన్నావు?
- నీ పక్క సీటులోకి ఇవాళ ఎవరినైనా తీసుకోవాలంటే ఏం టెస్ట్ పెడతారు?

వచ్చిన జవాబుల్ని ఉద్యోగాలవారీగా రాసుకోండి. మన రెండు రాష్ట్రాల్లో కొత్తవాళ్లకు దొరికే పనులు దాదాపు ఇవి:

- పత్రిక జిల్లా డెస్క్‌లో ట్రైనీ సబ్ ఎడిటర్: కంట్రిబ్యూటర్లు (మండలాల నుంచి వార్తలు పంపేవాళ్లు) పంపిన కాపీ, అంటే రాసిన వార్త, దిద్దడం, హెడింగ్ పెట్టడం, పేజీ పెట్టించడం
- టీవీ అవుట్‌పుట్ డెస్క్: హెడ్‌లైన్స్, స్క్రోలింగ్, వాయిస్ ఓవర్ స్క్రిప్ట్, ప్యాకేజీ
- డిజిటల్ డెస్క్: ఏజెన్సీ కాపీని అనువదించడం, హెడింగ్, థంబ్‌నెయిల్ మాట, చిన్న వీడియో
- ఫ్యాక్ట్‌చెక్: హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థల్లో
- పీఆర్, డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలు: ప్రెస్ నోట్, కంటెంట్ క్యాలెండర్, రీల్స్
- ఆస్పత్రులు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల కమ్యూనికేషన్ విభాగాలు
- సబ్‌టైటిల్స్, డబ్బింగ్ స్క్రిప్ట్, పాడ్‌కాస్ట్

ఈ ఏడూ ఒకే సెమిస్టర్‌లో నేర్పాలని చూడొద్దు. మీ ఊరికి, మీ పిల్లలకు దగ్గరగా ఉన్నవి రెండు ఎంచుకోండి. జిల్లా కేంద్రంలోని కాలేజీకి పత్రిక డెస్క్, డిజిటల్ వీడియో జత బాగా కుదురుతుంది. హైదరాబాద్‌లోనైతే డిజిటల్ డెస్క్, పీఆర్ పెట్టుకోవచ్చు. ఏది ఎంచుకున్నా రాయడం, దిద్దడం, సరిచూడటం ఉండాల్సిందే.

2. భాగస్వామిని వెతకడం, ఒక పేజీ ఒప్పందం రాసుకోవడం

అందరూ పెద్ద చానల్ హెడ్ ఆఫీసుకే పరిగెడతారు. అక్కడ సంతకం దొరుకుతుంది, సమయం దొరకదు. జిల్లా ఎడిషన్ ఇన్‌ఛార్జి, స్థానిక డిజిటల్ చానల్ ఎడిటర్, దగ్గర్లోని కమ్యూనిటీ రేడియో: వీళ్లకు మనుషులు తక్కువ, పని ఎక్కువ. మీ విద్యార్థులు నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. సంగారెడ్డి జిల్లా మాచునూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోని బోల్ హైదరాబాద్ ఎలా పనిచేస్తాయో ఒకసారి చూసి రండి. తక్కువ పరికరాలతో ఎంత పని చేయొచ్చో అర్థమవుతుంది.

సంస్థను "మా పిల్లలకు నేర్పండి" అని అడిగితే మర్యాదకు సరేనంటారు. "వారానికి నాలుగు స్టోరీలు, ఫొటోలతో, సరిచూసి, సోమవారం సాయంత్రం 5 గంటలకల్లా ఇస్తాం. మీ డెస్క్ నుంచి ఒకరు వారానికి రెండు గంటలు మాకివ్వాలి" అని అడిగి చూడండి. కుర్చీ దగ్గరకు లాక్కుని మాట్లాడతారు.

ఒప్పందం ఒక పేజీ దాటొద్దు. అందులో ఇవి ఉండాలి:

- సంస్థ తరఫున పనిచేసే వ్యక్తి పేరు, ఆయనకు వీలుకాని రోజున చూసే రెండో వ్యక్తి పేరు
- వారంలో ఏ రోజు, ఎన్ని గంటలు
- ఏ రకం పని, ఏ భాషలో, ఎంత నిడివిలో
- వాడుకున్న కథకు (స్టోరీకి) విద్యార్థి పేరు వేస్తారా, డబ్బు ఇస్తారా, ఎంత
- వాడుకోని కథను విద్యార్థి తన పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే హక్కు
- ప్రయాణ ఖర్చు ఎవరిది, రాత్రి 8 తర్వాత పని ఉంటే ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిది
- వేధింపుల ఫిర్యాదు వస్తే రెండు వైపులా ఎవరిని కలవాలి
- విద్యార్థులకు యాడ్ల టార్గెట్, చందాల టార్గెట్ పెట్టకూడదు

చివరిది చూసి కొంతమంది ఎడిటర్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. కంట్రిబ్యూటర్ల చేత పండగలకు యాడ్లు తెప్పించడం మన దగ్గర ఎంత మామూలో అందరికీ తెలుసు. మొదటి ఉద్యోగానికి ముందే విద్యార్థి ఎమ్మెల్యే ఆఫీసు ముందు శుభాకాంక్షల ప్రకటన కోసం నిలబడితే, తర్వాత అదే ఎమ్మెల్యేను ప్రశ్న అడగలేడు.

3. క్రెడిట్లు, టైమ్‌టేబుల్

యూజీసీ లెక్కలో ప్రాక్టికల్‌కు ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. 4 క్రెడిట్ల కోర్సుకు 120 గంటలు కావాలి. అంటే 15 వారాల సెమిస్టర్‌లో వారానికి 8 గంటలు. ఆ 8 గంటల్ని రోజుకో పీరియడ్ చొప్పున పంచితే కోర్సు అక్కడితో సరి. 50 నిమిషాల్లో కలెక్టరేట్‌కు వెళ్లి రావడమే కుదరదు, ఇక వార్త ఎప్పుడు రాస్తారు?

వారంలో ఒక రోజు మొత్తం అడిగి తీసుకోండి. సోమవారమైతే మేలు. కలెక్టరేట్లలో జనం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, నడిచేది ఆ రోజే. జిల్లాలోని అన్ని మండలాల గోడూ ఒకే ఆవరణలో దొరుకుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మూడేళ్ల డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ నిబంధన 2020-21లో వచ్చింది. అందులోని రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును చాలా కాలేజీలు సర్వే ఫారాలతో ముగించేస్తాయి. జర్నలిజం విద్యార్థులు అదే సర్వేను ఒక ఊరి మీద ధారావాహిక కథనంగా రాస్తే గంటలూ లెక్కకొస్తాయి, పనీ మిగులుతుంది.

యూనివర్సిటీలకు ఇంకో దారి ఉంది. యూజీసీ 2022లో తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పద్ధతిలో, 15 ఏళ్ల అనుభవమున్న నిపుణుల్ని పీహెచ్‌డీ, నెట్ లేకపోయినా తీసుకోవచ్చు.

15 వారాలను ఇలా విడగొట్టండి:

- 1 నుంచి 4: బేసిక్స్
- 5, 6: బయటికి పోని రిహార్సల్ సంచికలు
- 7 నుంచి 12: భాగస్వామి సంస్థకు నిజమైన కథలు
- 13, 14: పోర్ట్‌ఫోలియో, మాక్ టెస్టులు
- 15: మూల్యాంకనం

4. గది, పరికరాలు

దీనికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. ఫోన్లు పిల్లల దగ్గరే ఉన్నాయి. కొనాల్సింది మైకులు. వీడియో కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం వెంటనే తీసేస్తారు.

- లేపల్ మైకులు (చొక్కాకు తగిలించే చిన్నవి): ముగ్గురికి ఒకటి చొప్పున
- ఫోన్ ట్రైపాడ్లు: బృందానికి ఒకటి
- కంప్యూటర్లు: కనీసం నాలుగు, యూనికోడ్ తెలుగు కీబోర్డుతో
- ఒక కంప్యూటర్‌లో పేజీ మేకప్ సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లు
- గోడ మీద పెద్ద బోర్డు, పెద్ద గడియారం
- హార్డ్ డిస్క్: రా ఫుటేజీ దాచడానికి
- కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో పరిచయ లేఖలు

బళ్ల మీద "ప్రెస్" స్టిక్కర్లు అంటించుకుంటామంటారు. ససేమిరా ఒప్పుకోవద్దు. విద్యార్థి తాను విద్యార్థినని, ఫలానా సంస్థ కోసం రాస్తున్నానని చెప్పే అడగాలి.

5. మొదటి నాలుగు వారాలు: చేతికి రావాల్సిన పనులు

ఇక్కడ తొందరపడితే మిగతా 11 వారాలూ దిద్దుబాట్లకే పోతాయి.

టైపింగ్. పత్రికల్లో ఇప్పటికీ అను ఫాంట్లు, ఆపిల్ కీబోర్డు వాడే డెస్కులున్నాయి. డిజిటల్‌లో అంతా యూనికోడే. అనులో కొట్టిన కాపీని వెబ్‌సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. కన్వర్టర్‌లో వేస్తే కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి. మొదట యూనికోడ్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పండి. భాగస్వామి పత్రిక అను వాడుతుంటే మూడో వారంలో అది చూపించండి. రోజూ అరగంట సాధన, వారం చివర పరీక్ష పెట్టండి. వాయిస్ టైపింగ్ వద్దని చెప్పినా ఆగరు. కాబట్టి నియమం పెట్టండి: వాయిస్ టైపింగ్‌తో వచ్చిన కాపీలో ప్రతి పేరూ, ప్రతి అంకే నోట్‌బుక్‌తో కలిపి చూసి టిక్ పెట్టాలి.

కాపీ. విద్యార్థులు తొలిసారి ప్రజావాణికి వెళ్లొస్తే రాసే వార్త నూటికి తొంభై పాళ్లు ఇలా ఉంటుంది:

"కలెక్టరేట్‌లో సోమవారం జరిగిన ప్రజావాణి కార్యక్రమంలో పలువురు ప్రజలు తమ సమస్యలపై వినతిపత్రాలు అందజేశారు. ఈ సందర్భంగా కలెక్టర్ మాట్లాడుతూ సమస్యలను త్వరితగతిన పరిష్కరించాలని అధికారులను ఆదేశించారు. ఈ కార్యక్రమంలో వివిధ శాఖల అధికారులు పాల్గొన్నారు."

తప్పేమీ లేదు. తేదీ మార్చి వచ్చే సోమవారమూ వేసుకోవచ్చు, అదే దీని జబ్బు. బోర్డు మీద రాసి "పలువురు", "ఈ సందర్భంగా", "త్వరితగతిన", "పాల్గొన్నారు" కొట్టేయండి. ఏం మిగిలిందో చూపించండి. తర్వాత ఆ విద్యార్థినే అడగండి: క్యూలో నిలబడ్డ వాళ్లలో ఇంతకుముందు కూడా వచ్చినవాళ్లెవరు? చేతిలో పాత రసీదు ఉందా?

మళ్లీ వెళ్లి అడిగొస్తే కాపీ ఇలా మారుతుంది:

"రేషన్ కార్డులో కూతురి పేరు ఎక్కించమని ఆమె కలెక్టరేట్‌కు రావడం ఇది నాలుగోసారి. మూడు దరఖాస్తుల రసీదులూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చుకుంది. మూడింటి మీదా ఒకటే ముద్ర: తహసీల్దారు కార్యాలయానికి పంపడమైనది."

ఇది నేను ఉదాహరణకు కూర్చిన కాపీ. అయితే ఇలాంటి రసీదులు ఏ సోమవారం వెళ్లినా కనిపిస్తాయి. ఇక్కడితో కథ అయిపోలేదని కూడా చెప్పాలి. రసీదుల ఫొటో తీశావా? తేదీలు రాసుకున్నావా? తహసీల్దారు ఆఫీసులో ఎవరిని అడిగావు, ఏమన్నారు? ఆమె పేరు, ఫొటో వాడుకోవడానికి ఒప్పుకుందా? ఈ నాలుగింటికీ జవాబు వచ్చాకే డెస్క్‌కు వెళ్లాలి.

అంకెలు. జర్నలిజంలోకి వచ్చేవాళ్లలో లెక్కలంటే భయపడి వచ్చినవాళ్లే ఎక్కువ. కనీసం ఇవి నోటికి రావాలి:

- 10 లక్షలు ఒక మిలియన్, 100 కోట్లు ఒక బిలియన్
- ఒక హెక్టారు దాదాపు 2.47 ఎకరాలు, ఒక క్వింటాలు 100 కిలోలు
- ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజంతా సుమారు 11,574 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) పారితే ఒక టీఎంసీ
- 40 శాతం నుంచి 50 శాతానికి పెరిగితే పెరిగింది 10 శాతం పాయింట్లు, శాతంలో చెబితే 25 శాతం

శ్రీశైలం నుంచి నాగార్జునసాగర్‌కు వదిలిన నీటి మీద వచ్చిన పాత వార్త ఒకటి ఇచ్చి, ఇన్‌ఫ్లో అంకె నుంచి టీఎంసీలు కట్టించండి. ఒకసారి చేస్తే మరిచిపోరు.

వీడియో. ప్రతి ఘటనకూ వైడ్, మిడ్, క్లోజ్. ఒక్కో షాట్ కదలకుండా పది సెకన్లు. బైట్ (కెమెరా ముందు మనిషి చెప్పే మాట) తీసుకునే ముందు ఫ్యాన్ ఆపించాలి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినాలి. ప్రశ్న ఎడిట్‌లో పోతుంది కాబట్టి జవాబును పూర్తి వాక్యంగా చెప్పించుకోవాలి. "అవును సార్, మూడు నెలలైంది" అనే బైట్ దేనికీ పనికిరాదు. "పింఛను ఆగి మూడు నెలలైంది" అనిపించాలి. మాటలు చెప్పి పలికించకూడదు, ప్రశ్న మార్చి అడగాలి.

సరిచూడటం. వాట్సాప్‌లో తిరిగే ఫొటోకు రివర్స్ ఇమేజ్ సెర్చ్, వీడియోకు కీలక ఫ్రేముల సెర్చ్, షాపు బోర్డులు, బండి నంబర్ ప్లేట్లు చూసి ఊరు పట్టుకోవడం. రెండు తరగతుల్లో నేర్పొచ్చు. వారానికొకటి చొప్పున చేయిస్తే అలవాటవుతుంది.

చట్టం. పెద్ద లెక్చర్ అక్కర్లేదు. గోడకు అంటించే ఒక కాగితం చాలు:

- అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం
- లైంగిక నేరాల్లో బాధితులు పిల్లలైతే పోక్సో సెక్షన్ 23: పేరే కాదు, స్కూలు, కుటుంబం, ఇరుగుపొరుగు వివరాలు కూడా రాయకూడదు. "ఫలానా ఊరి సర్పంచ్ మనవరాలు" అన్నా పేరు చెప్పినట్టే
- కేసుల్లో ఉన్న మైనర్ల గుర్తింపు: జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74
- ఆత్మహత్య వార్తలో పద్ధతి వర్ణించొద్దు, లేఖ అచ్చువేయొద్దు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వాలి

ఆర్టీఐ. రెండో వారంలోనే ప్రతి బృందం చేతా ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి. జిల్లా కార్యాలయాలకు ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఇప్పుడు పెడితే ఏడో వారం నిజమైన సంచికలు మొదలయ్యేసరికి చేతిలో కాగితం ఉంటుంది. జవాబు రాకపోతే అప్పీలు ఎలా చేయాలో నేర్పడానికి అదే అవకాశం.

6. న్యూస్‌రూమ్ రోజు: గంటల వారీగా

- 9:00 స్టోరీ మీటింగ్. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు
- 9:45 ఫీల్డ్‌కు
- 1:30 తిరిగి రావడం, భోజనం
- 2:00 రాయడం, వీడియో ఎడిటింగ్
- 3:15 మొదటి కాపీ డెస్క్‌కు
- 4:00 డెస్క్ ప్రశ్నలకు జవాబులు, రెండో కాపీ
- 5:00 బయటి ఎడిటర్‌కు. ఆ తర్వాత వచ్చింది ఏదైనా తీసుకోరు
- 5:15 ఎడిటర్‌తో మాట్లాడటం, నేరుగా గానీ వీడియో కాల్‌లో గానీ

స్టోరీ మీటింగ్‌కు ఉత్త చేతులతో రావొద్దు. నాలుగు లైన్ల కాగితం తేవాలి: ఇందులో కొత్త విషయం ఏంటి, కలవబోయే కనీసం ఇద్దరు ఎవరు, చూపించగల కాగితం లేదా లెక్క ఏంటి, ఫొటోలో ఏం కనిపిస్తుంది. "ట్రాఫిక్ సమస్య మీద చేస్తాను సార్" అంటే కుదరదు. "బస్టాండ్ ముందు సిగ్నల్ ఎన్నాళ్లుగా పనిచేయడం లేదో ట్రాఫిక్ పోలీసుల్ని, మున్సిపాలిటీని అడుగుతాను" అంటే బయల్దేరనివ్వొచ్చు.

రిపోర్టర్, సబ్ ఎడిటర్, కెమెరా, వీడియో ఎడిటర్, సరిచూసే మనిషి, డెస్క్ ఇన్‌ఛార్జి. ఈ పాత్రలు రెండు వారాలకోసారి మారాలి. డెస్క్ ఇన్‌ఛార్జిగా ఒక్కసారి కూర్చున్న పిల్ల ఆ తర్వాత కాపీ ఆలస్యం చేయదు. తోటివాళ్ల కోసం గడియారం చూస్తూ కూర్చోవడం ఎంత టెన్షనో తెలిసిపోతుంది కదా.

ప్రతి కథకూ ఒక ఫోల్డర్ తెరవాలి. అందులో నోట్స్ ఫొటో, రికార్డింగ్, అసలు ఫొటోలు, కాగితాలు, మాట్లాడినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి. ఎడిటర్ "ఇది ఎవరు చెప్పారు?" అనగానే ఒక్క నిమిషంలో చూపించగలగాలి. నంబర్ల ఫైలు కోర్సు నడిపే అధ్యాపకుడి దగ్గరే ఉండాలి, గ్రూపులో పెట్టకూడదు.

అధ్యాపకుడికి కష్టమైన పని ఒకటుంది. కాపీ దిద్దకూడదు. ఎరుపు పెన్ను పట్టుకుంటే విద్యార్థి వాక్యం మీ వాక్యమైపోతుంది, మరుసటి వారం అదే తప్పు మళ్లీ వస్తుంది. అంచున ప్రశ్న రాయండి: "ఎన్ని?", "ఎవరు లెక్కించారు?", "రెండో పేరాకూ మూడో పేరాకూ ఏం సంబంధం?" తిరగరాయడం వాళ్ల వంతు.

7. బయటి ఎడిటర్ చేత పని చేయించుకోవడం

వచ్చే ఎడిటర్లలో చాలామందికి రాయడం తెలుసు గానీ చెప్పడం తెలియదు. "మా రోజుల్లో" అని మొదలుపెడితే గంట గడిచిపోతుంది. ఆయన రాకముందే మూడు కాపీలు పంపించి, మూడింటికీ మూడు ప్రశ్నలివ్వండి: వాడతారా? వాడకపోతే దేనికి? వాడాలంటే ఇంకేం తేవాలి? సమయమంతా దీనికే పోతే చాలు.

తిరస్కరించిన కాపీలకు కారణం ఒక వాక్యంలో రాయించుకుని బోర్డు మీద పెట్టండి. ఆరు వారాలయ్యేసరికి ఒకే కారణం పదేపదే కనిపిస్తుంది. అది సాధారణంగా "ఒకవైపు మాటే ఉంది" అయ్యుంటుంది. వచ్చే బ్యాచ్‌కు మూడో వారంలో ఏం చెప్పాలో మీకక్కడ తెలుస్తుంది.

8. ఇంటర్న్‌షిప్‌కు పంపేటప్పుడు

సెమిస్టర్ తర్వాత రెండు నెలలు బయటికి పంపితే, ముందు ఆ సంస్థ నుంచి పని జాబితా రాతపూర్వకంగా తీసుకోండి. లేదంటే ఇంటర్న్ మొదటి వారం పేపర్లు చదువుతాడు, రెండో వారం టీ తెస్తాడు, మూడో వారం సర్టిఫికెట్ ఎప్పుడిస్తారని అడుగుతాడు.

- విద్యార్థి రోజూ ఐదు లైన్ల డైరీ రాయాలి: ఇవాళ చేసిన పని, ఎవరు చూశారు, ఏం మార్చారు
- అధ్యాపకుడు పది రోజులకోసారి సంస్థకు ఫోన్ చేయాలి, ఒకసారి వెళ్లి చూడాలి
- రెండు వారాలు పనే ఇవ్వకపోతే వేరే చోటికి మార్చాలి
- అమ్మాయిల విషయంలో షిఫ్ట్ వేళలు, క్యాబ్ ముందే తేల్చుకోవాలి

డిగ్రీ అయిపోయిన వాళ్లకు కేంద్ర ప్రభుత్వ పథకం నాట్స్ కింద అప్రెంటిస్‌షిప్ ఉంది. ఇంజినీరింగ్ కాని డిగ్రీలకూ వర్తిస్తుంది. సంస్థ పోర్టల్‌లో నమోదైతే కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. చాలా చిన్న ఏజెన్సీలకు ఈ సంగతే తెలియదు. మీరు చెబితే "జీతం ఇవ్వలేం" అన్నవాళ్లు కూడా ఆలోచిస్తారు.

9. మార్కులు

నా సలహా ఇది. యూనివర్సిటీ నిబంధనలకు తగ్గట్టు మార్చుకోండి.

- పూర్తయిన కథల నాణ్యత: 35
- మొదటి కాపీకీ చివరి కాపీకీ మధ్య మెరుగుదల: 25
- ఫోల్డర్, సరిచూడటం: 20
- గడువు పాటించడం: 10
- డెస్క్ ఇన్‌ఛార్జిగా పని: 10

అచ్చయిన కథల సంఖ్యకు మార్కులు పెట్టలేదని గమనించండి. స్థలం లేకో, యాడ్ వచ్చో, యాజమాన్యానికి నచ్చకో మంచి కథ ఆగిపోవచ్చు. అది విద్యార్థి ఖాతాలో వేయకూడదు.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

అందరూ యాంకర్లే అవుతామంటారు. కాదనొద్దు. "నువ్వు చదివే బులెటిన్ నువ్వే రాయాలి" అనండి. సగంమంది డెస్క్‌కు వస్తారు, మిగిలినవాళ్లు నిజంగానే మంచి యాంకర్లవుతారు.

ప్రెస్ మీట్లకే వెళ్తారు. టిఫిన్, కిట్, చేతికందే ప్రెస్ నోట్: సుఖమైన పని. ఐదు కథల్లో ఒకటికి మించి ప్రెస్ మీట్ ఉండకూడదని పెట్టండి. అది కూడా ప్రెస్ నోట్‌లో లేని ఒక ప్రశ్నకు జవాబుతో రావాలి.

ఏఐ చేత రాయిస్తారు. పట్టుకోవడం కష్టమేమీ కాదు. తెలుగు నున్నగా ఉంటుంది, ఊరి పేరు ఉండదు, మాట్లాడిన మనిషి ఉండడు. నిషేధించి లాభం లేదు. అనువాదానికో, రికార్డింగ్ రాతలోకి మార్చడానికో వాడితే కాపీ కింద ఆ సంగతి రాయమనండి. రికార్డింగ్ మొత్తం తన చెవులతో విన్నానని సంతకం పెట్టించండి. ఫోల్డర్ లేని కాపీకి సున్నా.

బయటి ఎడిటర్ మధ్యలో మాయమవుతారు. బదిలీలు, ఎన్నికలు, ఉద్యోగం మారడం మామూలే. ఒప్పందంలో రెండో పేరు ఉండాలన్నది ఇందుకే. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చే నెలల్లో మాత్రం ఎవరి మీదా ఆశ పెట్టుకోకుండా, పాత విద్యార్థి ఒకరిని సిద్ధంగా ఉంచుకోండి.

ప్రిన్సిపాల్‌కు ఫోన్ వస్తుంది. మున్సిపాలిటీ మీద కథ వచ్చిన మర్నాడు ఎవరో ఒక పెద్దమనిషి "మీ పిల్లలు ఇలా రాస్తున్నారేంటి" అంటారు. సెమిస్టర్ మొదట్లోనే ప్రిన్సిపాల్‌తో కూర్చుని రాసుకోండి: కథ మీద నిర్ణయం ఎవరిది, అభ్యంతరం వస్తే ఎవరు మాట్లాడతారు, తప్పుంటే సవరణ ఎలా వేస్తాం. ఫోల్డర్ ముందు పెట్టి చూపించగలిగితే ఆయనే మీ తరఫున మాట్లాడతారు.

తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం విడివిడి గుంపులవుతాయి. ఒకరికి భాష, ఒకరికి అనువాదం వచ్చు. జతలుగా కలపండి. తెలుగు డెస్క్ ఉద్యోగానికి రెండూ కావాలి.

11. చివరి రెండు వారాలు: పోర్ట్‌ఫోలియో, టెస్ట్, ఆఫర్

పోర్ట్‌ఫోలియోలో అన్నీ కుక్కొద్దు. ఐదు పనులు చాలు: ఒక వార్త, ఒక పెద్ద కథనం, 90 సెకన్ల వీడియో ఒకటి, ఒక ఫ్యాక్ట్‌చెక్ లేదా ఆర్టీఐ కథ, అనువాదం ఒకటి. ప్రతిదాని కింద తాను చేసిందేంటో రెండు లైన్లు రాయాలి. బృందంగా చేసిన వీడియోలో తన వంతు ఎడిటింగే అయితే ఎడిటింగ్ అనే రాయాలి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అబద్ధం బయటపడుతుంది.

మాక్ టెస్ట్ ఒక ఉదయం పెట్టండి. ఇంగ్లిష్ ఏజెన్సీ కాపీని 30 నిమిషాల్లో తెలుగులోకి తేవడం, చిందరవందరగా ఉన్న కంట్రిబ్యూటర్ కాపీని 150 పదాలకు దించడం, ఒకే వార్తకు మూడు హెడింగ్‌లు, వర్తమాన వ్యవహారాలు. పత్రికల జర్నలిజం స్కూళ్ల ప్రవేశ పరీక్షలైనా, డిజిటల్ డెస్క్ టెస్టులైనా ఈ చుట్టుపక్కలే తిరుగుతాయి.

ఆఫర్ వచ్చాక సంబరంలో చదవకుండా సంతకం పెట్టేస్తారు. కాగితం మీ ముందుకు తెమ్మనండి. కలిసి చూడాల్సినవి:

- ట్రైనింగ్ కాలం ఎన్ని నెలలు, ఆ కాలంలో స్టైపెండ్ ఎంత, తర్వాత జీతం ఎంత అని రాశారా
- శిక్షణ తర్వాత ఇన్నేళ్లు పనిచేయాలనే బాండ్ ఉందా, మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం ఎంత
- ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటున్నారా. అడిగితే జిరాక్సులే ఇవ్వాలి
- పీఎఫ్ ఉందా, వారాంతపు సెలవు ఏ రోజు
- నైట్ షిఫ్ట్ నెలకు ఎన్ని రోజులు, వాహనం ఎవరిది
- సొంత యూట్యూబ్ చానల్, బయట రాయడం మీద ఆంక్షలున్నాయా

వీటిలో ఏది కాగితం మీద లేకపోయినా, చేరకముందే హెచ్‌ఆర్‌కు ఒక ఈమెయిల్ పెట్టించండి. ఫోన్‌లో చెప్పిన మాటను కూడా "మీరు ఫోన్‌లో చెప్పిన ప్రకారం" అని మొదలుపెట్టి రాసి పంపమనండి.